‘ప్రింట్’ నుంచి రంగు దిమ్మెల దాకా

1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం మొదలుపెట్టి, కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. అలాంటి ఒకదాని చుట్టూ మేం పదిమందిమి మూగేవాళ్లం. ‘ప్రింట్’ స్పెల్లింగులో ఒక్క అక్షరం జారినా తెరమీద ‘మిస్టేక్’ అని పడేది. లెక్కల్లో నాకంటే చురుకైన మా బెంచీవాడు నాలుగోసారి ఆ మాట చూసి లేచిపోయాడు. మళ్లీ ఆ గదిలోకి రాలేదు. (నాకూ పడేది. సిగ్గులేక కూర్చున్నాను.)

2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన ‘స్క్రాచ్’లో ఆ బెడద లేదు. ఆజ్ఞలన్నీ రంగు దిమ్మెలు, పొసగనివి అతుక్కోవు. మొన్న మన బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి వాటితో ధవళేశ్వరం లాకులు కట్టింది. పడవ లోపలికొచ్చి, నీళ్లు సమమయ్యాకే రెండో తలుపు తెరుచుకోవాలి. తనవి రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. తెర ఏ తప్పూ చూపలేదు. భోజనం బెల్లు కొట్టినా కదలకుండా తనే వెతికి పట్టుకుంది.