రెండు మూరల సందు

మా అమ్మాయి ఉద్యోగరీత్యా స్టాక్‌హోమ్‌లో ఉంటోంది. పోయిన వేసవిలో సెలవు పెట్టి నెల్లాళ్ళు దాని దగ్గర ఉండి వచ్చాను. రాజభవనమూ, మ్యూజియములూ అన్నీ ఓపిగ్గా తిప్పి చూపించింది. అవన్నీ ఒక ఎత్తు, పాత బస్తీలో చూసిన ఒక సందు ఒక ఎత్తు.

పాత బస్తీని అక్కడివారు ‘గామ్లా స్టాన్’ అంటారు. అసలు మాటకు అర్థం కూడా పాత ఊరు అనే. దాని దక్షిణపు కొసన, వెస్టర్‌లాంగ్‌గాటన్ అనే బజారులోంచి పైనున్న ప్రెస్ట్‌గాటన్‌కు, అంటే పురోహితుల వీధికి, 36 మెట్లు ఎక్కించే సందు ఇది. మరీ ఇరుకైన చోట దీని వెడల్పు 90 సెంటీమీటర్లు. మన లెక్కలో సరిగ్గా రెండు మూరలు. ఎదురుగా మనిషి వస్తే ఇద్దరిలో ఒకరు గోడకు ఒత్తిగిలి దారి ఇవ్వాలి. పేరు మోర్టెన్ ట్రోట్సిగ్ సందు.

ఈ ట్రోట్సిగ్ స్వీడన్ వాడు కాడు, జర్మన్. 1559లో విట్టెన్‌బెర్గ్‌లో పుట్టాడు. 1581లో, అంటే ఇరవై రెండేళ్ళ వయసులో, సముద్రం దాటి స్టాక్‌హోమ్ చేరాడు. ఇనుము, రాగి వ్యాపారం పట్టుకున్నాడు. 1597లోనూ, 1599లోనూ ఈ సందులో ఇళ్ళు కొని దుకాణం పెట్టాడు. చోటు ఎంచుకోవడంలో వ్యాపారి బుద్ధి కనిపిస్తుంది. సందు దిగగానే ఎదురయ్యేది యేర్న్‌టోర్యెట్, అంటే ఇనుప చౌకు. దేశం లోపలి గనుల నుంచి వచ్చిన ఇనుమును ఓడలకెక్కించే ముందు అక్కడే కాటా వేసేవారు. సరుకు తూకం వేసే చోటికి నాలుగడుగుల దూరంలో దుకాణమంటే ఇక చెప్పేదేముంది! ఊళ్ళోకెల్లా గొప్ప ధనవంతుల్లో ఒకడయ్యాడు. 1617లో రాగి గనులున్న కొప్పర్‌బెర్గ్ ప్రాంతానికి వ్యాపారం మీద వెళ్ళి, అక్కడ దెబ్బలు తిని చచ్చిపోయాడు.

అతనొక్కడే వచ్చిన జర్మన్ కాడు. అంతకు మూడు వందల ఏళ్ళ ముందు నుంచే జర్మన్ వర్తకులు ఆ ఊళ్ళో కాపురాలున్నారు. పద్నాలుగో శతాబ్ది నడుమ మాగ్నుస్ ఎరిక్‌సన్ రాజు చేసిన పట్టణ శాసనంలో, నగర సభలో జర్మన్లు సగానికి మించరాదని ఒక నిబంధన ఉంది. పరిమితి పెట్టారంటే అప్పటికే వాళ్ళ పలుకుబడి ఎంతదో ఊహించుకోవచ్చు. 1471లో బ్రూంకెబెర్గ్ యుద్ధం ముగిశాక ఆ సగమూ పోయింది, సభలో జర్మన్లకు చోటే లేకుండా చేశారు. అయినా వాళ్ళు ఊరు వదల్లేదు. సభ పోతే పోయింది, సరుకు పోలేదు. 1571లో మూడో యోహాన్ రాజు వాళ్ళ భాషలో ప్రార్థన జరుపుకోవడానికి సొంత సంఘానికి అనుమతి ఇచ్చాడు. సందు ఎక్కి కాస్త ముందుకు నడిస్తే ఆ జర్మన్ చర్చి కనిపిస్తుంది. ద్వారం మీద ఉన్నవి నేటికీ జర్మన్ మాటలే.

మళ్ళీ సందు పేరు దగ్గరికి వస్తాను, నన్ను ఆకట్టుకున్నది అదే. ఈ దారి ట్రోట్సిగ్ రాకముందూ ఉంది. 1544 నాటి ప్రస్తావనలో దీన్ని ఇరుకు మెట్ల సందు అన్నారు. అతను ఇళ్ళు కొన్న తరువాత, 1608లో కూడా మెట్ల సందే. అంటే బతికున్నంతకాలం జనం అతని పేరు పెట్టినట్టు దాఖలా కనిపించదు. చనిపోయి నూరేళ్ళు దాటాక, 1733 నాటి పటంలో మాత్రం ట్రోట్స్ సందు అని కనిపిస్తుంది. పేరుకూడా వచ్చినది వచ్చినట్టు లేదు. అతను తెచ్చుకున్న ఇంటిపేరు ట్రౌబ్‌ట్సిష్. స్వీడిష్ నోళ్ళలో నలిగి ట్రోట్సిగ్ అయింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, మరోటీ వచ్చింది. మేము నాలుగు తరాలుగా హోసూరు వాసులం. మా ఇంటిపేరులోని గకారం తమిళ లిపిలో కకారమై, రేషన్ కార్డులో ఒకటి, మా నాన్నగారి పాత దస్తావేజులో ఒకటి, నా సర్వీసు రిజిస్టరులో మరొకటిగా ఉంది. ముగ్గురూ ఒకరేనని ప్రమాణ పత్రం రాసిచ్చిన రోజులున్నాయి.

ఇక బ్యాంకు ఉద్యోగిని కనుక ఇనుప చౌకు గురించి మరో మాట చెప్పకుండా ఉండలేను. రాగి ఎక్కువగా ఉన్న ఆ దేశంలో రాగి రేకులనే డబ్బుగా ముద్రించారు. 1644లో వేసిన పది డాలెర్ల రేకు ఒక్కటే దాదాపు 20 కిలోల బరువు! కట్టుకుపోవడానికి మూట చాలదు, బండి కావాలి. ఆ బాధ తప్పించడానికే యోహాన్ పాల్మ్‌స్ట్రుక్ అనే బ్యాంకరు 1661లో కాగితం నోట్లు పుట్టించాడు. ఐరోపాలో బ్యాంకు నోట్లు అవే మొదలు. ఆయనా రీగా నుంచి వచ్చిన పరాయివాడే. అడిగిన వెంటనే ఇచ్చుకోవలసిన డిపాజిట్లతో దీర్ఘకాలపు అప్పులిచ్చాడు, ఆపైన చేతికందినన్ని నోట్లు వేశాడు. మా శాఖలో కొత్తగా చేరిన కుర్రాడైనా తప్పు పట్టగల లెక్క అది. బ్యాంకు కూలింది, పాల్మ్‌స్ట్రుక్ జైలుపాలయ్యాడు. 1668లో ఆ శిథిలాల మీదే పార్లమెంటు అధీనంలో పుట్టిన బ్యాంకు నేటి స్వీడన్ రిక్స్‌బ్యాంక్. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న కేంద్ర బ్యాంకుల్లో అదే పాతది. దాని తొలి సొంత భవనం కట్టింది ఈ చౌకులోనే. 1906 వరకూ బ్యాంకు అక్కడే ఉంది. ఆ గోడకు చెయ్యి ఆనించి ఒక ఫోటో తీయించుకున్నాను. మా అమ్మాయి నవ్వింది.

పంతొమ్మిదో శతాబ్ది మధ్యలో సందును రెండు కొసలా మూసేశారు. తొంభై ఏళ్ళకు పైగా ఎవరూ ఆ మెట్లు ఎక్కలేదు. తిరిగి తెరిచింది 1945లో. 1949లో నగరంవారు ఇప్పటి పేరును అధికారికంగా ఖాయం చేశారు. అంటే మూడు వందల ముప్ఫై రెండేళ్ళ కిందట చనిపోయిన ఒక పరదేశి పేరును, కాస్త ఒరిపిడి తిన్న రూపంలోనే, రాజముద్ర వేసి ఉంచుకున్నారన్నమాట.

మేం వెళ్ళింది ఆదివారం. మెట్లెక్కి పైకి వచ్చేసరికి చర్చిలో ప్రార్థన నడుస్తోంది. తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాం. లోపల మాట్లాడుతున్నది స్వీడిష్ కాదని మా అమ్మాయే చెప్పింది, జర్మన్ అట.