మందుచీటీపై షిల్లింగు



వైద్యుడు రుసుము లేకయే చూచినను, ఆయన వ్రాసిన మందు కొనుటకు సొమ్ము లేక, చీటీని చూరులో దోపి యుంచిన వారిని మీరెరుగుదురు. ఈ చిక్కు సంపన్నదేశమగు బ్రిటనునకును తప్పలేదు. ఆ చరిత్రను నేడు మీకు విన్నవింతును.

1948 జూలై 5వ తేదీన అచ్చట జాతీయ ఆరోగ్యసేవ ఆరంభమయ్యెను. దానిని నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవాన్ వేల్సు ప్రాంతపు బొగ్గుగని కార్మికుని కుమారుడు. తానును బాల్యముననే గనిలో దిగినవాడు. రోగియొద్ద కాసు పుచ్చుకొనరాదనియు, వ్యయమును పన్నులే భరింపవలెననియు ఆయన పట్టు. మొదట వైద్యము, మందులు, కండ్లద్దములు, కట్టుడుపండ్లు అన్నియు ఉచితములే. వ్యయము అంచనాలను మించెను. చీటీకొక షిల్లింగు పుచ్చుకొను అధికారమును 1949లోనే చట్టములో చేర్చిరి గాని వెంటనే అమలు జరుపలేదు. 1951లో కొరియా యుద్ధకాలపు ఆయుధవ్యయము మీదపడగా, కండ్లద్దముల వెలలోను పండ్ల వెలలోను సుమారు సగమును రోగిపై మోపబూనిరి. బెవాన్ రాజీనామా చేసెను. ఆయన వెంట హెరాల్డ్ విల్సన్ అను మంత్రియు తొలగెను. ఈ రెండవ పేరును జ్ఞాపకముంచుకొనుడు.

1952 జూనులో చర్చిల్ ప్రభుత్వము చీటీకి షిల్లింగు చొప్పున వసూలు మొదలిడెను. 1956లో అది చీటీకిగాక అందలి ఒక్కొక్క మందునకును షిల్లింగయ్యెను, 1961లో రెండు. 1964లో విల్సన్ ప్రధాని యయ్యెను. 1965 ఫిబ్రవరిలో ఆ రుసుము రద్దయ్యెను. కాని 1967 నవంబరులో పౌండు విలువను తగ్గింపవలసి వచ్చెను, బొక్కసమునకు కటకట. 1968 జూనులో ఆ విల్సన్ ప్రభుత్వమే మందొకటికి రెండున్నర షిల్లింగులు తిరిగి విధించెను! ఆయనను నిందించుట సులభము. అప్పులవాడు వాకిట నిలిచినప్పుడు గృహస్థు చేతికందిన వస్తువునే అమ్మును గదా.

ఈమారు పిల్లలను, వృద్ధులను, గర్భిణులను, కొన్ని దీర్ఘరోగములవారిని మినహాయించిరి. ఆ రోగముల జాబితాయే నాకు మిక్కిలి విచిత్రముగా తోచును. మందు వాడు మధుమేహరోగికిని మూర్ఛరోగికిని రుసుము లేదు. ఉబ్బసమునకు అందు చోటు దొరకలేదు. ఊపిరాడనివాని బాధ తేలికయని ఎవరు తూచిరో! క్యాన్సరు సైతము 2009లో గాని చేరలేదు.

వేల్సు 2007లోను, ఉత్తర ఐర్లాండు 2010లోను, స్కాట్లాండు 2011లోను ఈ రుసుమును ఎత్తివేసినవి. ఇంగ్లాండు ఎత్తివేయలేదు, 2024 మే నెలలో అచ్చట మందొకటికి 9 పౌండ్ల 90 పెన్సులయ్యెను. వేల్సులో వైద్యుడు చీటీ వ్రాసిన ఉబ్బసరోగి ఊరకే మందు తెచ్చుకొనగా, సరిహద్దునకు ఆవల ఇంగ్లాండులో, వయస్సుచేతనో పేదరికముచేతనో మినహాయింపు పొందని ఉబ్బసరోగి అంగడిలో సంచి విప్పవలసివచ్చెను.