జాలకల్పన: ఒక గణితవిద్య చరిత్ర

1922లో లూయిస్ రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయ శాస్త్రవేత్త, మధ్య ఐరోపా గగనమును చదరంగపు గడులవంటి జాలముగా విభజించి, ఒక గడిలోని వాయుపీడనపు మార్పును చేతిలెక్కతో గణించి ప్రకటించిన జోస్యము ఘోరముగా తప్పెను. దోషము సూత్రములందు గాక ఆరంభ దత్తాంశమునందు గలదని తరువాతివారు గ్రహించిరి. వాయు, ద్రవ ప్రవాహముల గణనమునకు ఇదియే ప్రథమ పాఠము.

1985లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వెలువరించిన ‘కివా’ ప్రోగ్రాము, ఈ గడుల విద్యను ఇంజను సిలిండరులోనికి గొనిపోయెను. అచట పిస్టను కదలిన కొలదియు గడులును కదలవలెను. వాల్వు అంచున, గోడల చెంత అవి మిక్కిలి సూక్ష్మములు కావలెను. అంతకుముందే ఇంజను నమూనాలోని సందులను పూడ్చి, ప్రవాహమునకు పనికిరాని మరలను, చిల్లర వంపులను తొలగింపవలెను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములు 2016లో వేరు జిల్లాలుగా విడివడిన ఉమ్మడి వరంగల్లు జిల్లాకు ఈ విద్యతో బాంధవ్యము గలదు. వరంగల్లు సీమలో 1945లో జన్మించి, ఉస్మానియాలో చదివిన ఆచార్య జె.ఎన్.రెడ్డి, 1984లో వస్తువును చిన్న ఖండములుగా విభజించి గణించు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిపై పాఠ్యగ్రంథమును, 1994లో గార్ట్‌లింగు అను సహరచయితతో గూడి ఉష్ణ, ద్రవ ప్రవాహములకు ఆ పద్ధతిని అన్వయించు గ్రంథమును వెలువరించిరి.

ఈ మూడు జిల్లాల విద్యార్థులారా, గణనకు ముందు జ్యామితిని శుద్ధి చేయుడు; యంత్రమెంత వేగవంతమైనను, చెడిన జాలము నుండి సత్యము వెలువడదు.