అమ్ము

తూణీరానికి తెలుగు మాట అమ్ములపొది. అందులోని ‘అమ్ము’ (బాణం) అచ్చమైన ద్రావిడ పదం. తమిళ, కన్నడాల్లో అది ‘అంబు’. తమిళుల ‘తంబి’కి మన ‘తమ్ముడు’ ఎలాగో, ‘అంబు’కు ‘అమ్ము’ అలాగే. సమాసాల్లో ఇది ‘అంప’ అవుతుంది: అంపకోల, అంపవాన, భీష్ముడి అంపశయ్య.

కాలక్రమంలో అమ్ముల చోటును ఫిరంగులు ఆక్రమించాయి. పెన్నా లోయ అంచున పెమ్మసాని నాయకులు ఏలిన గండికోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ వచ్చేనాటికి అక్కడ ఫిరంగులు పోత పోయిస్తున్నారు. యుద్ధం మందుగుండుకు మారినా మాట మిగిలింది. కొత్త క్షిపణి వస్తే ‘సైన్యం అమ్ములపొదిలో చేరింది’ అని పత్రికలు నేటికీ రాస్తాయి.

అసలు అమ్మూ మన మధ్యే ఉంది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో 3 స్వర్ణాలు గెలిచింది. ఆ విల్లులో అమ్మును మోసే భాగం ‘ఆరో రెస్ట్’. విదేశీ వేటగాళ్లు ఎక్కువగా కోరేది, అమ్ము వదలగానే కిందికి వాలిపోయే రకం. అమ్ము ఈకలు దానికి తగలవు, గురి చెదరదు. ఎంచుకునేటప్పుడు రెండు చూడాలి: విల్లును పక్కకు వంచినా అమ్ము జారకూడదు, వదిలాక రెస్ట్ పూర్తిగా వాలి, తిరిగి పైకి ఎగరకూడదు. 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది కనుక ఇక్కడ దాని చోటు క్రీడా మైదానమే. ఆ పరికరాన్ని ‘వాలు అంపపీట’ అని పిలుచుకుంటే, పాత మాటకు కొత్త పని దొరుకుతుంది.