హాస్పిస్ సంరక్షణలో సోషల్ వర్కర్లు

ఇక నయం కాదని తేలిన రోగికి, అతని కుటుంబానికి చివరి దశలో అండగా నిలిచే వైద్య సేవ హాస్పిస్. డాక్టరు, నర్సులతో పాటు సోషల్ వర్కరు కూడా ఈ బృందంలో ఉంటారు.

ఆసుపత్రుల్లో ఈ వృత్తి పుట్టుక మాత్రం అంత ఉదాత్తంగా ఏమీ లేదు. 1895లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి మేరీ స్టూవర్ట్‌ను 'ఆల్మనర్'గా నియమించింది. ఉచిత వైద్యానికి వచ్చేవాళ్లలో ఫీజు కట్టగలిగినవాళ్లు ఎవరో కనిపెట్టడం ఆమె పని. అందుకోసం రోగి ఇంటి సంగతులన్నీ అడగాలి. అలా అడగడమే మెల్లగా సేవగా మారింది.

ఆధునిక హాస్పిస్‌కు ఆద్యురాలు సిసిలీ సాండర్స్ (1918–2005) నర్సుగా శిక్షణ పొంది, నడుము నొప్పితో ఆ పని మానుకుని, 1947లో ఆల్మనర్ అయ్యారు. వార్సా నుంచి వచ్చిన డేవిడ్ టాస్మా అనే యూదుడు అప్పట్లో ఆమె చూసుకున్న రోగి. వయసు నలభై, క్యాన్సర్, నా అన్నవాళ్లు లేరు. అతనితో జరిగిన మాటల్లోనే చనిపోతున్నవాళ్లకు ప్రత్యేక ఆశ్రయం అన్న ఆలోచన మొలకెత్తింది. 1948లో చనిపోతూ, ఆ కట్టబోయే ఇంటికి ఒక కిటికీ కోసమని 500 పౌండ్లు ఆమెకు రాసిచ్చాడు. ఆమె తర్వాత డాక్టరై, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. నొప్పి ఒంటిదే కాదు, మనసుదీ, సంసారానిదీ, విశ్వాసానిదీ అన్న ఆమె సిద్ధాంతంలో ఆల్మనర్ అనుభవం కూడా కనిపిస్తుంది.

అమెరికాలో 1982 చట్టంతో, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ హాస్పిస్ ఖర్చు భరించడం మొదలైంది. ఆ డబ్బు అందాలంటే హాస్పిస్‌లో సోషల్ వర్కర్ సేవ ఉండి తీరాలి. మరణం తర్వాత ఏడాది వరకు కుటుంబాన్ని పట్టించుకోవాలి.

భారతదేశంలో తొలి హాస్పిస్ శాంతి అవేదన సదన్ 1986లో ముంబైలో వెలిసింది. 1993లో కాలికట్‌లో మొదలైన పాలియేటివ్ (ఉపశమన సంరక్షణ) ఉద్యమం ఈ సంరక్షణ పనిలో చాలా భాగాన్ని ఊరి వాలంటీర్ల చేతుల్లో పెట్టింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగం, స్పర్శ్ హాస్పిస్ ఈ సేవ అందిస్తున్నాయి.

మన దగ్గర సోషల్ వర్కరుకు తరచూ ఎదురయ్యే మాట "నాన్నగారికి మాత్రం చెప్పకండి మేడమ్". వెంటనే సరే అనరు, కాదనీ అనరు. రోగి తనంతట తాను ఎంత గ్రహించాడో ముందు తెలుసుకుంటారు. చాలాసార్లు అతనికి అన్నీ తెలిసే ఉంటాయి, పిల్లలు బెంగపడతారని దాస్తుంటాడు. మిగతా పనిలో చాలా భాగం కాగితాలదే. బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నారా, మరణ ధ్రువపత్రంలో పేరు ఆధార్‌తో సరిపోయిందా, భార్యకు వితంతు పింఛను దరఖాస్తు పెట్టారా అని వెంటపడి చూస్తారు.