బేరియాట్రిక్ సర్జరీ తరువాత బరువు నిలకడ

ఊబకాయానికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ, గ్యాస్ట్రిక్ బైపాస్ వంటి ఆపరేషన్లు చేయించుకున్నవారిలో తగ్గుతూ వచ్చిన బరువు కొన్ని రోజులో, వారాలో కదలకుండా ఆగిపోయే దశ. మొదటిసారి ఇది తరచుగా మూడో వారం ప్రాంతంలో ఎదురవుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గినప్పుడు శరీరం కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్‌ను వాడుకుంటుంది. ఒక్కో గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరూ పోతుంది. తొలి రోజుల్లో చకచకా తగ్గిన బరువులో ఈ నీటి వాటా పెద్దది. ఆ నిల్వలు తిరిగి నిండేటప్పుడు నీరూ చేరుతుంది కాబట్టి, లోపల కొవ్వు కరుగుతున్నా కాటా ముల్లు కదలదు. ఆపరేషన్ విఫలమైందనడానికి ఇది గుర్తు కాదు. ఈ సంగతి రోగికి ముందే చెప్పి తీరాలి. ఎంతో బెంగ తప్పుతుంది.

ఏడాది, ఏడాదిన్నర తరువాత వచ్చే నిలకడ వేరు. తేలికపడిన దేహానికి తక్కువ శక్తి చాలు; కండ తరిగితే ఆ ఖర్చు ఇంకా పడిపోతుంది. అందుకే రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్, కండరాలకు పని చెప్పే వ్యాయామం ముఖ్యం. తీపి టీ, పళ్లరసం, జంతికల వంటివి చిన్న పొట్టలోంచి కూడా సులువుగా దిగిపోతాయి, కడుపు నిండినట్టు అనిపించదు. బరువు ఆగిందని భోజనం మానడం, విటమిన్ మాత్రలు ఆపేయడం ప్రమాదకరం. బరువు మళ్లీ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా సర్జన్‌ను, డైటీషియన్‌ను కలవాలి.