కుక్కలకు, పిల్లులకు రేబిస్ టీకా: శిబిరం రోజు వదులుకోవద్దు

జులై 6 ప్రపంచ జూనోసిస్ దినోత్సవం. ఏటా ఆ రోజు మన పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు, పిల్లులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. సమయం ముందే కనుక్కోండి.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండాక మొదటి టీకా, 3-4 వారాలకు బూస్టర్, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించాలి. శిబిరంలో వేసేది ఒక్క మోతాదే. బూస్టర్‌కు మళ్లీ తీసుకెళ్లడం చాలామంది మర్చిపోతున్నారు. ఈ టీకాను 2-8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అందుకే మందు కొని సంచిలో తెచ్చి ఇంట్లో వేసుకోవడం కన్నా శిబిరమే మేలు. ఎలుకల కోసం పెంచే పిల్లిని ఎవరూ తీసుకురారు. గాలి ఆడే బుట్టలో పెట్టి మూత కట్టి తీసుకురండి.

కుక్క కరిచిన గేదెకు కూడా రేబిస్ వస్తుంది. గేదె చొంగ కారుస్తూ, మేత మింగలేక, అదేపనిగా అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. చొంగలో వైరస్ ఉంటుంది, చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. లక్షణాలు కనిపించాక గేదెను బతికించే మందు లేదు. కరిచిన రోజే గాయం కడిగి, డాక్టరు చెప్పిన తేదీల్లో టీకాలన్నీ వేయించాలి.

మనిషిని కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. కరిచింది టీకా వేయించిన సొంత కుక్కే అయినా ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.